క్యాన్సర్ రోగులకు ఆర్థిక, మానసిక ఆసరా: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

క్యాన్సర్ చికిత్స ఖర్చును భరించడానికి, ఆ జబ్బు వెంట వచ్చే భయాన్నీ దిగులునూ తట్టుకోవడానికి రోగికీ, అతని కుటుంబానికీ ప్రభుత్వాలు, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు, తోటి రోగులు అందించే సహాయమంతా ఈ వ్యాసం పరిధిలోకి వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం, 2022లో దేశంలో కొత్తగా సుమారు 14.6 లక్షల మంది ఈ వ్యాధి బారిన పడి ఉంటారని అంచనా కట్టింది. వీరికి అందుబాటులో ఉన్న సహాయం తక్కువేమీ కాదు. అయితే రాష్ట్ర ఆరోగ్య పథకం, ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, కార్మికుల రాజ్య బీమా, ధర్మసంస్థల వసతి గృహాలు, ఉపశమన చికిత్స విభాగాలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాల కోసం పుట్టి, ఒకదాని నిబంధనలతో మరొకదానికి పొత్తు లేకుండా నడుస్తున్నందువల్ల, ఏ సహాయాన్ని ముందు అడగాలి, దేనిని తరువాత అడగాలి అన్నది తెలిసిన కుటుంబానికి దక్కినది తెలియని కుటుంబానికి దక్కడం లేదు.

ఖర్చు స్వభావం

ఒక్క ఆపరేషన్‌తో ముగిసే జబ్బుకూ క్యాన్సర్‌కూ ఖర్చు విషయంలో మౌలికమైన తేడా ఉంది. కణితిని తొలగించే శస్త్రచికిత్స తరువాత, చాలా రకాల్లో రెండు మూడు వారాలకొకసారి చొప్పున నెలల తరబడి కీమోథెరపీ ఇస్తారు. గ్రామాల్లో ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే రేడియేషన్ చికిత్సకు వారానికి ఐదు రోజుల చొప్పున తరచు ఐదారు వారాలు ఆసుపత్రికి వెళ్లవలసి ఉంటుంది. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు. కాబట్టి ఆసుపత్రి బిల్లు ఖర్చులో ఒక భాగం మాత్రమే. ఊరు విడిచి హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉండడానికి గది అద్దె, ఇద్దరి భోజనం, రోగి కోల్పోయిన కూలి, తోడుగా వచ్చిన మనిషి కోల్పోయిన కూలి, ఇంటి దగ్గర సాగు పడకేయడం, పిల్లల చదువు ఆగడం ఏ బిల్లులోనూ కనపడవు. ఈ మొత్తం భారాన్ని 2013 నుంచి వైద్య సాహిత్యం ‘ఆర్థిక విషప్రభావం’ అనే పేరుతో పరిశీలిస్తోంది. మందు శరీరానికి చేసే హాని లాగే దాని ధర కూడా రోగికి హాని చేస్తుందని, ఖర్చుకు జంకి మందు మానేయడం, మోతాదు తగ్గించుకోవడం, మధ్యలో చికిత్స వదిలి ఇంటికి వెళ్లిపోవడం వంటివి ఆ హానిలో భాగమేనని ఈ భావన చెబుతుంది.

ఇందులో అందరికంటే ముందు దెబ్బతినేది వ్యాధి నిర్ధారణ దశలోని కుటుంబం. ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ), స్కానింగులు, ఇద్దరు ముగ్గురు వైద్యుల సంప్రదింపు పూర్తయ్యేదాకా అది క్యాన్సరేనని కాగితం మీదకు రాదు, కాగితం మీదకు రానిదే ఏ పథకమూ మొదలు కాదు. అందువల్ల చేబదులు తీసుకోవడం, బంగారం తాకట్టు పెట్టడం సాధారణంగా ఈ దశలోనే మొదలవుతాయి. పరీక్షలను సైతం ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోనో, పథకం వర్తించే ఆసుపత్రిలోనో చేయించుకున్నవారికి ఈ తొలి అప్పు తగ్గుతుంది.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్

తెలుగు రాష్ట్రాల్లో పేద క్యాన్సర్ రోగికి ప్రధాన ఆధారం ఆరోగ్యశ్రీ. పెద్ద జబ్బులకు సహాయం కోరుతూ ముఖ్యమంత్రి సహాయ నిధికి వచ్చే అర్జీలు పెరిగిపోయిన నేపథ్యంలో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న దీనిని అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభించి తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. అంటే ఒక్కొక్క అర్జీ మీద దయతలచి ఇచ్చే సాయం, కార్డు ఉన్న ప్రతి కుటుంబానికీ దక్కే హక్కుగా మారింది. రాష్ట్ర విభజన తరువాత పథకం రెండు దారుల్లో నడిచింది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో పరిమితిని 25 లక్షలకు పెంచగా, 2024లో ప్రభుత్వం మారిన తరువాత పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది.

పథకం పనిచేసే తీరు ఇది. పథకంలో చేరిన ఆసుపత్రిని నెట్‌వర్క్ ఆసుపత్రి అంటారు. అక్కడ ప్రవేశద్వారం దగ్గరే పథకం తరఫున ఒక సహాయ కేంద్రం ఉంటుంది. అందులో కూర్చునే ఉద్యోగిని ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర అంటారు. రోగి రేషన్ కార్డు లేదా ఆరోగ్య కార్డును, ఆధార్‌ను సరిచూసి అతనిని నమోదు చేయడం ఆ ఉద్యోగి పని. వైద్యులు బయాప్సీ నివేదికనూ స్కాన్లనూ జతచేసి, చేయదలచిన చికిత్సకు ముందస్తు అనుమతి కోరతారు. అనుమతి వచ్చాక ఆ చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ మొత్తం నేరుగా ఆసుపత్రికి అందుతుంది, రోగి నగదు కట్టనవసరం లేదు. ప్యాకేజీ అంటే ఒక చికిత్సకు ముందే కట్టిన గంపగుత్త ధర. దాని పరిధిలో లేని మందు అవసరమైతే సొంతంగా కొనాలి, లేదా మరో సహాయం వెతుక్కోవాలి. కార్డులో పేరు తప్పు పడడం, పెళ్లయిన కూతురి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం, ఆధార్‌లో వయసు కలవకపోవడం వంటి చిన్న లోపాలు ఈ బల్ల దగ్గరే బయటపడి రోజులు తినేస్తాయి. జబ్బు ఖాయం కాకముందే వీటిని మండల కార్యాలయంలోనో మీసేవలోనో సచివాలయంలోనో సరిచేయించుకోవడం మేలు.

కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన, అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఇస్తుంది. తెలంగాణ 2021లో ఇందులో చేరింది. పొరుగు రాష్ట్రంలో చికిత్స పొందే వలస కుటుంబాలకు ఈ పథకం ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. 2024 అక్టోబరు చివరి నుంచి 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనిని వర్తింపజేశారు. వయసు పెరిగేకొద్దీ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కనుక, తెల్ల కార్డు లేని మధ్యతరగతి వృద్ధులకు ఈ మార్పు చిన్నదేమీ కాదు.

నిధులు, వాటి వరస

పథకాల పరిధి దాటిన ఖర్చుకు రెండు ముఖ్యమైన నిధులున్నాయి, వాటి నడక ఒకదానికొకటి తలకిందులుగా ఉంటుంది. ముఖ్యమంత్రి సహాయ నిధి రెండు విధాలుగా సాయపడుతుంది: చికిత్సకు ముందు, ఫలానా మొత్తం వరకు ప్రభుత్వం చెల్లిస్తుందని ఆసుపత్రికి రాసి ఇచ్చే పత్రం ఒకటి, దీనిని వాడుకలో ఎల్‌ఓసీ అంటారు, చికిత్స పూర్తయి డబ్బు కట్టిన తరువాత అసలు బిల్లులు, డిశ్చార్జి సారాంశం, ఆదాయ ధ్రువీకరణ, సాధారణంగా శాసనసభ్యుని సిఫారసు లేఖ జతచేసి పెట్టుకునే అర్జీ రెండోది. 1948 జనవరిలో దేశ విభజన నిరాశ్రయుల కోసం జవహర్‌లాల్ నెహ్రూ పిలుపుతో ఏర్పడిన ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి మాత్రం అప్పటికే చేసిన ఖర్చును తిరిగి ఇవ్వదు; వైద్యుడు రాసి ఇచ్చిన ఖర్చు అంచనాతో చికిత్సకు ముందే దరఖాస్తు చేయాలి, మంజూరైన సొమ్ము నేరుగా ఆసుపత్రికి వెళుతుంది. కాబట్టి ఆపరేషన్ అయిపోయాక ఢిల్లీకి అర్జీ పంపిన కుటుంబం తిరస్కారమే అందుకుంటుంది. ఒకే బిల్లును బీమా కంపెనీకీ సహాయ నిధికీ పెట్టాలనుకున్నప్పుడు మరో చిక్కు వస్తుంది, ఇద్దరూ అసలు ప్రతులే అడుగుతారు. ఒకచోట ఇచ్చాక రెండో చోట చూపడానికి జిరాక్స్ తప్ప ఏమీ మిగలదు.

కేంద్ర ఆరోగ్యశాఖ 1997లో ఏర్పరచిన రాష్ట్రీయ ఆరోగ్య నిధిలో భాగంగా 2009లో ఆరోగ్య మంత్రి క్యాన్సర్ రోగుల నిధిని చేర్చారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న రోగులకు ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల ద్వారా సాయం చేయడం దీని ఉద్దేశం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి (జనం నోట ఎంఎన్‌జే) అటువంటి కేంద్రాల్లో ఒకటి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీవేంకటేశ్వర ప్రాణదాన పథకం, ప్రాణాపాయకరమైన జబ్బులున్న పేదలకు దేవస్థానం ఆసుపత్రుల్లో చికిత్సకు భక్తుల విరాళాలను వెచ్చిస్తుంది. దాతృత్వం ఆసుపత్రుల రూపంలో కూడా నిలిచింది: ఎన్.టి. రామారావు భార్య బసవతారకం క్యాన్సర్‌తో మరణించిన తరువాత అమెరికాలోని తెలుగు వైద్యుల తోడ్పాటుతో సంకల్పించిన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి 2000లో హైదరాబాద్‌లో ప్రారంభమైంది. అణుశక్తి శాఖ కింద టాటా స్మారక కేంద్రం నడుపుతున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో ఉంది. ముంబయి వరకు వెళ్లవలసిన ఉత్తరాంధ్ర రోగులకు దాని వల్ల కలిగిన మొదటి ఆర్థిక సాయం రైలు టికెట్టు మిగలడమే.

మందు ధర మీద జరిగిన పోరాటం

రోగికి డబ్బు ఇవ్వడం ఒక పద్ధతి, మందు ధరను తగ్గించడం మరో పద్ధతి. రెండోదానిలో హైదరాబాద్‌కు విశేషమైన పాత్ర ఉంది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌ను రోజూ వేసుకునే మాత్రతో అదుపులో ఉంచగల ఇమాటినిబ్‌ను స్విట్జర్లాండ్‌కు చెందిన నోవార్టిస్ గ్లివెక్ పేరుతో అమ్మింది. నెలకు దాదాపు లక్షా ఇరవై వేల రూపాయలయ్యే ఈ మందును హైదరాబాద్‌లోని నాట్కో సహా భారతీయ కంపెనీలు పది వేల లోపే అందించగలిగాయి. ఈ మాత్రను జీవితాంతం వేసుకోవలసిన రోగికి ఈ తేడా చావుబతుకుల తేడాయే. నోవార్టిస్ పేటెంటు దరఖాస్తును వ్యతిరేకించినవారిలో నాట్కోతో పాటు ముంబయిలోని క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ అనే రోగుల సహాయ సంస్థ కూడా ఉండడం గమనించదగింది. అప్పటిదాకా మందులు, భోజనం, కృత్రిమ అవయవాలు పంచే పనిలో ఉన్న సంస్థ ఒకటి పేటెంటు న్యాయంలోకి దిగింది. తెలిసిన పదార్థానికి చేసిన కొత్త రూపం, దాని గుణం గణనీయంగా పెరిగితే తప్ప, పేటెంటుకు అర్హం కాదని చెప్పే భారత పేటెంటు చట్టం 3(డి) సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ అప్పీలును తోసిపుచ్చింది.

దానికి ఏడాది ముందు, 2012 మార్చిలో, నాట్కో దేశంలో మొదటి బలవంతపు లైసెన్సును పొందింది. పేటెంటు ఉన్న మందు జనానికి అందుబాటు ధరలో దొరకనప్పుడు, యజమాని ఒప్పుకోకున్నా దానిని తయారుచేసుకోవడానికి ప్రభుత్వం మరొకరికి ఇచ్చే అనుమతిని బలవంతపు లైసెన్సు అంటారు. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌కు బేయర్ కంపెనీ నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలు వసూలు చేస్తుండగా, నాట్కో 8,800 రూపాయలకు అమ్మాలని, అమ్మకాల మీద బేయర్‌కు రాయల్టీ చెల్లించాలని, ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. బేయర్ సవాలును 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా స్వీకరించలేదు.

గ్లివెక్ కథకు మరో పార్శ్వం ఉంది. నోవార్టిస్ తన మందును మాక్స్ ఫౌండేషన్ అనే సంస్థ ద్వారా భారతదేశంలో వేలాది రోగులకు ఉచితంగా కూడా ఇచ్చింది. కంపెనీ ఇష్టం మీద ఆధారపడిన ఉచితం, చట్టం వల్ల తగ్గిన ధరతో సమానం కాదని విమర్శకులు అన్నారు, అందులో న్యాయం ఉంది. కానీ మందు తెచ్చుకోవడానికి ఒకచోట చేరిన రోగులు ఒకరినొకరు పలకరించుకుని ఫ్రెండ్స్ ఆఫ్ మాక్స్ అనే తోటి రోగుల బృందంగా ఏర్పడ్డారు. మందు కోసం వేసిన వరసే మాటకు చోటిచ్చింది. ఆర్థిక సాయం, మానసిక సాయం అని ప్రణాళికల్లో విడదీసి రాసే రెండూ రోగి అనుభవంలో ఎలా కలిసి ఉంటాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ధరల విషయంలో తరువాతి చర్యలు పాలనాపరమైనవి. 2019 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పలు ప్రాణరక్షక మందుల మీద, వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీని పూర్తిగా ఎత్తివేశారు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణల్లోని అమృత్ మందుల దుకాణాలు 2015 నుంచి క్యాన్సర్ మందులను రాయితీ ధరకు అమ్ముతున్నాయి.

జీతం, ప్రయాణం, బస

నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్న కార్మికులకు వర్తించే కార్మికుల రాజ్య బీమా, చికిత్సతో పాటు పోయిన జీతాన్ని కూడా కొంత భర్తీ చేస్తుంది. మామూలు అనారోగ్యానికి ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం ఇస్తే, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది. చిన్న కర్మాగారాల్లో, దుకాణాల్లో పనిచేసేవారిలో చాలామంది, జీతం చీటీలో కోత కనపడుతున్నా, ఈ సౌకర్యాన్ని అడగరు. భవిష్య నిధి నుంచి జబ్బు ఖర్చుకు తిరిగి చెల్లించనక్కరలేని అడ్వాన్సు తీసుకోవచ్చు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి క్యాన్సర్ చికిత్స ఖర్చు మీద 40,000 రూపాయల వరకు, రోగి వృద్ధుడైతే లక్ష వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు.

చికిత్సకో, తిరిగి పరీక్షకో వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వేలు స్లీపర్, మూడో శ్రేణి ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ ఇస్తాయి. ఆసుపత్రి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. బస విషయంలో పిల్లలకే కొంత నయం. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్, హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో చికిత్సకు వచ్చిన పిల్లలకూ తల్లిదండ్రులకూ ఉచితంగా శుభ్రమైన గది, వంటకు చోటు, పిల్లలకు చదువు, పెద్దలకు సలహా ఇస్తోంది. కీమోతో రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లవాడిని ఆసుపత్రి బయట కాలిబాట మీద పడుకోబెడితే సోకే అంటురోగం చికిత్సనంతా వృథా చేయగలదు కనుక, ఇక్కడ బస కూడా వైద్యంలో భాగమే. పెద్దలకు ఇటువంటి ఏర్పాటు చాలా అరుదు.

మనసు సంగతి

క్యాన్సర్ రోగుల మానసిక స్థితిని అధ్యయనం చేసి చికిత్స చేసే శాఖను సైకో ఆంకాలజీ అంటారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 1977 నుంచి పనిచేసిన జిమ్మీ హాలండ్ అనే మానసిక వైద్యురాలు దీనికి ఆద్యురాలు. జ్వరాన్ని కొలిచినట్టు బాధను కూడా అడిగి కొలవాలన్నది ఈ శాఖ నేర్పిన సులభమైన పాఠం: గత వారంలో ఎంత బాధపడ్డారో సున్నా నుంచి పది వరకు గీసిన గీత మీద గుర్తు పెట్టమంటారు, నాలుగు గానీ అంతకు మించి గానీ ఉంటే నిపుణుడి దగ్గరికి పంపుతారు. తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న అడగడానికే ఒక అడ్డంకి ఉంది. జబ్బు పేరు రోగికి చెప్పవద్దని బంధువులు వైద్యుడిని బతిమాలడం, ‘గడ్డ’ అనో ‘పుండు’ అనో సరిపెట్టడం మామూలు. ప్రేమతోనే చేసే ఈ దాపరికం, జుట్టు ఊడడం చూసి, తోటి రోగుల మాటలు విని నిజం ఎలాగూ గ్రహించిన మనిషిని తన భయం ఎవరితోనూ చెప్పుకోలేని స్థితిలోకి నెడుతుంది. అంతేకాక, జబ్బు పేరు తెలియని రోగి సంతకం లేకుండా, అతని బ్యాంకు ఖాతా, బీమా పత్రాలు తెలుసుకోకుండా సహాయానికి దరఖాస్తులు కదలవు. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారని మొదట రోగినే అడిగి, అతను కోరినంత, అతను కోరిన వేగంతో చెప్పడం ఉపశమన వైద్యులు పాటించే పద్ధతి. క్యాన్సర్ అంటుకుంటుందన్న అపోహ వల్ల కంచం, గ్లాసు వేరు చేయడం, రొమ్ము లేదా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన స్త్రీని పుట్టింటికి పంపేయడం ఇంకా పూర్తిగా పోలేదు.

తోటి రోగుల బృందాల ప్రభావం గురించి అతిశయోక్తులు ప్రచారంలో ఉన్నాయి. బృంద చికిత్సలో పాల్గొన్న ముదిరిన రొమ్ము క్యాన్సర్ రోగులు ఎక్కువ కాలం బతికారని 1989లో పరిశోధకుడు డేవిడ్ స్పీగెల్ ప్రకటించగా, 2001లో వెలువడిన పెద్ద అధ్యయనంలోనూ, స్పీగెల్ తరువాత స్వయంగా చేసిన పునఃపరిశీలనలోనూ ఆయుర్దాయం పెరిగినట్టు తేలలేదు; బాధ, దిగులు మాత్రం తగ్గాయి. ‘మనోబలం ఉంటే క్యాన్సర్ పోతుంది’ అనే మాట రోగికి ధైర్యం ఇవ్వకపోగా, జబ్బు ముదిరితే తప్పు తనదేనన్న అపరాధ భావాన్ని నెత్తిన పెడుతుంది కాబట్టి ఈ తేడా ముఖ్యం. నిపుణుడు అందుబాటులో లేనిచోట, 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మానసిక సలహా పొందవచ్చు.

నొప్పి తగ్గకుండా మనసు కుదుటపడదు. ముదిరిన క్యాన్సర్ నొప్పికి ప్రధానమైన మందు మార్ఫిన్. అది చవక మందే అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం విధించిన లైసెన్సుల వల్ల దేశంలో దశాబ్దాల పాటు దొరకకుండా పోయింది. ఎం.ఆర్. రాజగోపాల్ వంటి వైద్యుల కృషితో 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించారు. ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఏర్పడిన ఉపశమన చికిత్స విభాగం దక్షిణాదిలో పేరున్న శిక్షణ కేంద్రంగా ఎదిగింది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో ఉపశమన కేంద్రాలను తెరిచి, ‘ఆలన’ పేరుతో ఇళ్లకు వెళ్లే వాహనాలను నడిపింది. ఈ వాహనంలో వచ్చిన నర్సు పుండుకు కట్టు మార్చడం, మార్ఫిన్ మోతాదు సరిచూడడంతో పాటు, రాత్రిళ్లు నిద్రలేని భార్యనో కొడుకునో కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

ఆ భార్యకు, కొడుకుకు జరిగే నష్టాన్ని మాత్రం ఇప్పటి పథకాల్లో చాలావరకు లెక్కలోకి తీసుకోలేదు. కార్మికుల రాజ్య బీమా ఇచ్చే అనారోగ్య భత్యం బీమా ఉన్న వ్యక్తి స్వయంగా జబ్బుపడితేనే వస్తుంది, తల్లి పక్కన ఆసుపత్రిలో కూర్చోవడానికి పని మానిన కూతురికి రాదు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ రోగి చికిత్సకే పరిమితం. సహాయకుడికి కూడా చోటిచ్చిన కొద్ది నిబంధనల్లో రైల్వే రాయితీ ఒకటి.